మాస్టరమ్మ చెయ్యి

మా రెంటచింతల ఎండలో అరుగు మీద ట్రంపెట్ పెడితే ఎవరూ ఊదకుండానే మోగుతుంది. నమ్మనివాళ్లు మే నెలలో వచ్చి వినవచ్చు. అలాంటి ఊళ్లో నల్లకోటు తొడుక్కుని బ్యాండు మేళం నడిపిన మనిషి మా వీధి శౌరమ్మ.

ఆమె తండ్రి ఇన్నయ్య పాత బ్యాండు మాస్టరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక మేళాన్ని కూతురికి అప్పగించాడు. చెయ్యి లేస్తే మొదలు, దిగితే ఆపు. ఆ విద్య ఆమె కాన్వెంటు సిస్టర్ల దగ్గర పట్టింది. ఊరేగింపుల్లో మేళం వైపు తిరిగి వెనక్కి వెనక్కి నడిచేది. ఒక్కనాడూ పడలేదు, ఎదురొచ్చే గేదెలే తప్పుకునేవి.

మేళంలో మగవాళ్లు మాత్రం ఆ చెయ్యి చూసేవారు కాదు. ఇన్నయ్యను ఆటోలో ఎక్కించి పక్కనే తెచ్చేవారు. అందరి కళ్లూ ముసలాయన తల ఊపు మీదే. ట్రంపెట్ ఊదే రాయప్ప మొహం మీదే అనేవాడు.

"నీ చెయ్యి కాదమ్మాయ్, మీ నాయన తలకాయే మాకు మాస్టరు. ఆయన పోయిన్నాడు నేనూ పోతా."

ట్రంపెట్ లేకపోతే మేళమే లేదు.

పోయిన వేసవిలో ఇన్నయ్య పోయాడు. శౌరమ్మ కోటు గుండీలు పెట్టుకుంటుంటే మేనత్త గదమాయించింది.

"ఏందే, కన్నకూతురివి! పెట్టె పక్కన నడవకుండా చెయ్యి ఊపుకుంటా పోతావా?"

"మరి ఎవురు ఊపుతారత్తా?"

"ఒక్క చుక్కన్నా రాలేదేందే నీకు?"

"ఏమో. రావట్లా."

ముందు మేళం, వెనక శవపేటిక. వెనక్కి నడుస్తున్న శౌరమ్మకు దారంతా పెట్టె కనిపిస్తూనే ఉంది. మేళంవాళ్లకు ఆమె తప్ప చూడటానికి ఎవరూ లేరు.

సమాధుల తోటలో పెట్టె దించారు. పాట అయిపోయింది. శౌరమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. మేళం మళ్లీ పల్లవి అందుకుంది. మట్టి పోశారు. మళ్లీ పల్లవి. ఫాదరు ప్రార్థన పుస్తకం తెరిచి, దగ్గి, ఆపమని సైగ చేశాడు. రాయప్ప పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ట్రంపెట్ కాస్త పక్కకు తీశాడు.

"మాస్టరమ్మ చెయ్యి దించలేదు ఫాదర్."

మళ్లీ ఊదాడు.

శౌరమ్మ విన్నదో లేదో. పైనున్న చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసింది. మెల్లగా దించింది. అందరూ ఒక్కసారే ఆపారు.

జనం వెళ్లాక రాయప్ప ట్రంపెట్‌లోని ఉమ్మి దులిపి దగ్గరికొచ్చాడు.

"కారంపూడి పెళ్లికి ఎన్నింటికి రమ్మంటావు?"

"పొద్దున్నే రా," అంది.

అప్పటికీ ఏడవలేదు.