పొట్లంలో తెల్లమాత్ర

మొన్న కాలిగోళ్ల తామరకి గోపాలపట్నంలో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మందు రాయబోతూ పెన్ను ఆపి, "నిద్రమాత్రలేమైనా వాడతారా?" అంది. వాడతానన్నాను. "అయితే ఈ మాత్ర వద్దు. ఇది పడితే నిద్రమాత్ర ఒంట్లోంచి ఓ పట్టాన దిగదు. ఒకటి వేసుకున్నా గుప్పెడు మింగినట్టే ఉంటుంది" అని పైపూత రాసిచ్చింది. మా పిన్ని గుర్తొచ్చింది.

తొంభైల్లో పిన్ని కంచరపాలెం వీధుల్లో చేపల గంప మోసేది. మా చిన్నాన్న పోయాక ఆవిడకి నిద్ర కరువైంది. దానికితోడు గంప నీళ్లు కారి, ఎప్పుడూ తడిసుండే చీర కుచ్చిళ్ల కింద నడుమంతా తామర. ఆ చోటు డాక్టరుకి చూపించడం కంటే గోక్కుంటూ బతకడమే నయమనుకునే మనిషి. మా వాళ్లందరికీ డాక్టరు మా అక్క మొగుడే. బావకి మందుల షాపుండేది. ఏ రోగం చెప్పినా అట్టల్లోంచి మాత్రలు కత్తిరించి కాగితం పొట్లం కట్టేవాడు. పిన్ని రోజూ రాత్రి వేసుకునే నిద్రమాత్ర కూడా బావ ఇచ్చిందే. అవేమిటని అడగడం ఇంటల్లుణ్ణి అనుమానించినట్టని ఎవరూ అడిగేవాళ్లు కాదు. పిన్ని అయితే ఖరీదైన వంజరం చేప అయిపోయిందని వీధంతా ఒట్టేసి, గంప అడుగున దాచిన ముక్క బావకి తెచ్చిచ్చేది.

ఒక వానాకాలం దురద మరీ ఎక్కువైంది. "అత్తా, ఈ తెల్లమాత్ర కూడా ఏసుకో. నిద్రమాత్ర మానకు" అని బావ పొట్లం నా ముందే చేతిలో పెట్టాడు. కొన్నాళ్లకి ఒక పొద్దున పిన్ని లేవలేదు. ఎంత కుదిపినా కళ్లు తెరవలేదు. ఆసుపత్రిలో డాక్టరు ఏం తిందని అడగ్గానే, ఎవరూ నోరు విప్పకముందే బావ అందుకున్నాడు. "మొగుడు పోయిన కాడ్నించి మనసు బాగోనేదండి. మాత్రలు దాసుకుని ఒక్కసారే మింగేసింది."

పిన్ని బతికింది. తెలివి రాగానే, "నాను మింగనేదర్రా. అల్లుడు కట్టిన పొట్లమే ఏసుకున్నాను. నాకేటి సచ్చిపోవాల్సిన కర్మ?" అంది. అందరూ జాలిగా తలలూపారు. ఇంటికొచ్చాక మా మామయ్యలు చేపలు కోసే కత్తిపీట సైతం దాచేశారు. కత్తిపీట లేకుండా చేపలమ్మే మనిషి ఏం చెయ్యాలో వాళ్లకే తెలియాలి. గంప మళ్లీ ఎత్తినా, ఆవిడ వెనక గుసగుసలు మాత్రం ఆగలేదు. ప్రాణం తీసుకోబోయిన మనిషి అన్న పేరుతోనే తిరిగింది, ఆ పేరుతోనే పోయింది.

బావకి తెలియక పొరపాటు జరిగిందని సరిపెట్టుకుందామని ఆ డాక్టరమ్మ మాట విన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నా వల్ల కావడం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక బావ కట్టిన పొట్లం విప్పి పిన్నికి మాత్రలు వేసింది నేనే. అందులో నిద్రమాత్ర మామూలుగానే ఉంది. నిజంగా మింగేసిందనుకున్నవాడు మళ్లీ అదే ఎందుకిస్తాడు? తెల్లమాత్ర మాత్రం లేదు. దాని బదులు పైపూత ట్యూబు పెట్టాడు. పిన్ని ఆ ట్యూబు చూసి, "మా అల్లుడికి నానంటే ఎంత పేణమో" అని మురిసిపోయింది. ఆ వారం కూడా వంజరం ముక్క వాళ్లింటికే వెళ్లింది.

ఆ మందు పిన్ని ఒంట్లోంచి రెండ్రోజుల్లో దిగిపోయింది. బావ అన్న మాట దిగడానికి ఆవిడ బతికిన కాలమంతా చాలలేదు.