చల్లారిన గంజి

ఇన్నేళ్ళూ నా గుండెల మీద ఒక చెట్టు పడి ఉంది. నేరేడు చెట్టు. దాన్ని చంపినవాణ్ణి నేనే. మొన్న చెప్పవలసినవాళ్ళకు చెప్పేశాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి నోరు విప్పాక ఆపడం నా తరం కావడం లేదు.

నాందేడ్‌లో మా నాన్న ధాన్యం దుకాణం ఉన్న జాగాలో నేను రెండంతస్తుల ఆఫీసు బిల్డింగు కట్టించాను, అద్దెకివ్వడానికి. మామూలుది కాదు. పగలు లైటు వేయక్కర్లేకుండా ఉత్తరం వైపు పెద్ద కిటికీలు, వేడి దిగకుండా కప్పు మీద తెల్ల పెంకులు, ఆ పైన సోలార్ పలకలు. మా గల్లీలో అలాంటిది అదే మొదటిది. కరెంటు బిల్లు సున్నా అని ఊరంతా చెప్పుకు తిరిగాను. అద్దెకు వచ్చినవాళ్ళకు చెప్పాను, బావమరిదికి చెప్పాను, చాయ్ బండి దగ్గర అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

బిల్లు సున్నా కాలేదు. పడమటి గోడ పక్కనే పొరుగింటి గంగవ్వత్త పెరడు, అందులో మా మేడను మించి పెరిగిన నేరేడు. మధ్యాహ్నం దాటగానే దాని నీడ పలకల మీదికి వచ్చేది. ఒక్క పలక మీద నీడ పడినా వరుసంతా నీరసిస్తుందని బిగించిన మేస్త్రీ చెప్పాడు. పైగా పళ్ళ కాలంలో పిట్టలు వచ్చి పలకల నిండా ఊదారంగు రెట్టలు వేసేవి. రోజూ నేను కడగడం, కింద అద్దెకున్నవాళ్ళు నవ్వడం. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

రెండు కొమ్మలు కొట్టించమని అడిగితే సరిపోయేది. గంగవ్వత్త నన్ను చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మనిషి. మరి ఎందుకు అడగలేదు? మొహమాటం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అడిగాక ఆమె కాదంటే, ఆ తర్వాత చెట్టు ఎండితే, అనుమానం నా మీదికే వస్తుంది కదా. అంటే అడగాలా వద్దా అని ఆలోచించే నాటికే చంపాలని నిశ్చయించుకున్నానన్నమాట. ఈ సంగతి నాతో నేను ఒప్పుకోవడానికే ఏళ్ళు పట్టింది.

గంగవ్వత్త ఇంట్లోవాళ్ళంతా ఇస్లాపూర్‌లో పెళ్ళికి పోయిన రోజు, మిట్టమధ్యాహ్నం, గోడ దాటి వేళ్ళ దగ్గర యాసిడ్ పోశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని భోజనం చేశాను. ఆకలి బాగానే వేసింది.

ఆ ఇంట్లో అన్నం వార్చిన గంజిని చల్లార్చి చెట్టు మొదట్లో పోయడం అలవాటు. ఆ పని కొత్త కోడలు సుజాతది. ఆకులు రాలడం మొదలయ్యాక గంగవ్వత్త నన్ను పిలిచి చూపించింది. సుజాత గంజి గిన్నె పట్టుకుని పక్కనే ఉంది.

"సూడు బిడ్డా, పచ్చగున్న చెట్టు ఎట్ల ఎండుతున్నదో. ఈమెనే కాగే గంజి తెచ్చి గుమ్మరించింది. ఏమన్న అంటే ఏడుస్తది."

"లేదన్నా, సల్లారినంకనే పోసిన. రోజు ఏలు పెట్టి సూసి పోసిన. నువ్వన్న జెర చెప్పు."

సుజాత నన్ను నమ్మింది. నేను చదువుకున్నవాణ్ణి, అన్నను.

"వేడి గంజి పడితే ఏ చెట్టన్న ఎండుతది గద అత్తా," అన్నాను.

చెట్టుకు చేసినదానికన్నా ఇదే పెద్ద పాపమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆమెను తులసికి నీళ్ళు పోయనివ్వలేదు, బీరగింజ పెట్టనివ్వలేదు. ఆమె చేతికి మొక్క బతకదని గల్లీ అంతా చెప్పుకున్నారు. ఇక నా బిల్డింగు సంగతంటారా? నీడ పోయాక పడమటి గోడ పెనంలా కాలడం మొదలైంది. అద్దెకున్నవాళ్ళు ఏసీలు పెట్టించారు. పలకలు అదనంగా ఇచ్చిన కరెంటంతా ఆ ఏసీలే తాగాయి. నీడ కూడా కరెంటు ఆదా చేస్తుందని నాకెందుకు తట్టలేదు? నవ్వండి, ఫర్వాలేదు, ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

నవ్వు రానిది ఒకటుంది. మొన్న మా ఆవిడ కరివేపాకు మొక్క ఇవ్వబోతే సుజాత రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నా చేతుల ఏదీ బతకది అక్కా," అంది. బాధపడుతూ కాదు, మామూలుగా అంది. నా అబద్ధాన్ని ఆమె కూడా నమ్మిందని అప్పుడు తెలిసింది.

ఇక ఆగలేకపోయాను. గంగవ్వత్తను కూడా బయటికి పిలిచి, ఇద్దరి ముందూ అంతా చెప్పాను. యాసిడ్ సంగతి, ఆ మాట సంగతి. గంగవ్వత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాతో మాట్లాడడం మానేసింది. సుజాత క్షమించానని అనలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. మా ఆవిడ చేతిలోంచి మొక్క తీసుకుని వెళ్ళింది, అంతే. ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. అందుకు సిగ్గుగానూ ఉంది, హాయిగానూ ఉంది.

నిన్న పొద్దున మేడ మీద పలకలు తుడుస్తుంటే సుజాత గంజి గిన్నెతో పెరట్లోకి వచ్చింది. గంగవ్వత్త గడపలో నిలబడి చూస్తోంది, ఆపలేదు. సుజాత తలెత్తి నన్ను చూసింది. అన్నా అని పిలవలేదు, ఇక పిలవదేమో. అయినా ఇన్నేళ్ళకు నేను కళ్ళు దించుకోలేదు. ఆమె గిన్నెలో వేలు ముంచి చూసుకుంది. తర్వాత కరివేపాకు మొదట్లో గంజి పోసింది.