ట్రెయిలర్ వెనక ఇనుప కడ్డీ

మొన్న ఆదివారం పొద్దున పక్క క్వార్టరు తమ్ముడి భార్య వచ్చి మా గడప దగ్గర నిలబడింది. "ఆయన లేస్తలేడక్కా" అంది. నేను వెళ్లేసరికే చెయ్యి చల్లబడి ఉంది.

అతను నాకు రక్తసంబంధి కాడు. గోదావరిఖనిలో ఒకే గోడకు అటూ ఇటూ ఏళ్ల తరబడి బతికాం. బాయిలో, అంటే బొగ్గుగనిలో, టబ్బులనే బొగ్గు బండ్లను తాడుతో పైకి లాగించే పని చేసి రిటైరయ్యాడు. ఏ బండి కదలబోయినా "ఎనక ఎవరున్నరు?" అని అడిగేవాడు. షేర్ ఆటో డ్రైవర్లు "ఇది బాయి కాదు కాకా" అని నవ్వేవారు. జవాబు వచ్చేదాకా అతను ఎక్కేవాడు కాదు.

మా వారు వదిలివెళ్లిన చిన్న కర్ర పడవలో మా అబ్బాయి డ్యూటీ లేని రోజు వల వేస్తాడు. వానల్లో గోదావరి పెరిగేలోపు దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. కిరాయి ట్రాక్టరు వెనక తగిలించే ట్రెయిలర్ కొనడానికి పడవ పొడవు, వెడల్పు కొలిచి, కాంటా మీద తూచి, నోటుపుస్తకంలో రాసుకుని, దానికి సరిపోయేది ఒకటి చూసి వచ్చాను. తమ్ముడు పుస్తకం తిరగేసి, "మంచిగ రాసినవక్కా. తడిసినంక ఎంత తూగుతదో రాయలే" అన్నాడు. ఎండిన పడవను తూచానని అప్పుడు గాని తట్టలేదు.

అతను ఎంచింది వేరేది. ఎత్తు తక్కువ, గట్టి ఇరుసు, పడవ అడుగుదుంగ ఆనడానికి మధ్యలో పొడవాటి దిమ్మె. పాత పడవకు బరువంతా అడుగుదుంగ మీదే ఉండాలట, పక్క పలకల మీద పడితే విచ్చుకుంటాయట. పాత పడవ ఉన్నవారు ఈ మాట గుర్తుంచుకోండి.

దాని వెనక అతనే ఒక ఇనుప కడ్డీని కొన నేలకు తగిలేలా వేలాడదీసి బిగించాడు. "ఆఖరి టబ్బుకు గిట్లనే ఉంటదక్కా. తాడు తెగితే నేలల గుచ్చుకొని ఆపుతది."

ట్రెయిలర్ వాళ్ల వాకిట్లోనే ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు కడ్డీ సిమెంటు రోడ్డును గరగరా గీసేది. ఆ చప్పుడు సందు మలుపులో వినబడగానే అతని భార్య గేటు తీసేది. నాకు తలనొప్పి వచ్చేది. కోసెయ్యమన్నాను, వినలేదు. నిరుడు వానలకు ముందు నేనే దాన్ని పైకెత్తి తీగతో బిగించాను.

ఆ వానల్లో పడవ తేవడానికి వెళ్లిన రోజు రేవులో నీళ్లు చూస్తుండగానే పెరుగుతున్నాయి. పడవ ట్రెయిలర్ మీదికి ఎక్కింది. తమ్ముడు వెనక్కి వచ్చి తీగ చూశాడు. పటకారు తీసి విప్పసాగాడు. జల్ది కానిమ్మని గదిమాను. కడ్డీ కింద పడింది.

"ఎనక ఎవరున్నరు?"

ఎవరూ లేరన్నాను. అప్పటికి అది నిజమే. ట్రాక్టరు సగం ఎత్తు ఎక్కాక, పడవకు కట్టిన తాడు జారుతుంటే సర్దడానికి మా అబ్బాయి వెనక్కి వెళ్లాడు. అదే క్షణంలో ట్రాక్టరుకు తగిలించిన కొక్కెం పిన్ను విరిగింది. పడవతో సహా ట్రెయిలర్ వాడి మీదికి దొర్లింది.

కడ్డీ మొరంలో దిగబడింది, వంగింది, ఆగింది. మా వాడి ఛాతీకీ పడవ అంచుకూ మధ్య జానెడు సందు.

చక్రాల కింద రాళ్లు పెట్టాకే తమ్ముడు వాణ్ణి పక్కకు లాగాడు. తీగ ఎవరు కట్టారని అడగలేదు. వారం తర్వాత నేనే చెప్పాను.

"ఎరుకేనక్కా. మెలికలన్నీ లెక్కవెట్టి తిప్పినట్టున్నయి, ఇంకెవరు కడ్తరు?" అన్నాడు.

తమ్ముడు పోయిన మూడోనాడు అతని అస్థికలు ఆ పడవలోనే నది మధ్యకు వెళ్లాయి. తిరిగొస్తూ రేవు ఎత్తు ఎక్కే ముందు మా అబ్బాయి కడ్డీ దింపి, వెనక్కి రెండుసార్లు చూసుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చాక కూడా దాన్ని ఎవరూ పైకెత్తలేదు, నేనూ ఎత్తమనలేదు. గరగరమంటూ సందు మలుపు తిరిగాం.

లోపలి నుంచి అతని భార్య, అలవాటుగా, వచ్చి గేటు తీసింది.