అచ్చయిన చివరి భాగం చిన్నమ్మది కాదు

మా చిన్నమ్మ మొన్న మంగళవారం పొద్దున సీతాఫల్‌మండిలోని తన ఇంట్లో గుండెపోటుతో చనిపోయింది. అంత్యక్రియలు ముగిసి రెండు గంటలు కాకముందే ఒక వారపత్రిక మాజీ సంపాదకుడు నాకు ఫోన్ చేశాడు.

"మీ పిన్నిగారి సీరియల్ పుస్తకంగా వేద్దామండీ. నివాళిగా ఉంటుంది."

ముప్పై ఏళ్ల కిందట ఆయన పత్రికలో చిన్నమ్మ వారంవారం రాసిన ఆ సీరియల్ సంగతి పాఠకులకు తెలియాలి. అందులో ఒక భర్త భార్యను కొడతాడు. ఆ దెబ్బలకు ఆమె కడుపులో బిడ్డ పోతుంది. చివరి వారం అతనికి కాలు విరిగి, ఆసుపత్రి మంచం మీద ఏడ్చి మంచివాడైపోవాలని ఈ సంపాదకుడే అడిగాడు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఆయన ఆ భాగాన్ని వేరేవాళ్లతో రాయించి, ఆమె పేరుతోనే అచ్చేశాడు.

అప్పటికి నేను కొత్త విలేకరిని. ఆ సంచిక తీసుకెళ్లి చూపిస్తే చిన్నమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే చదివింది.

"ఏందిరా గిది? ఇరవై వారాలు కొట్టిండు. ఒక్క కాలు ఇరిగితే దేవుడైండా?"

"పాఠకులకు నచ్చిందట, చిన్నమ్మా."

"నచ్చుతది. దెబ్బలు తిన్నది వాళ్లు కాదు గదా."

ఆ రోజుల్లో చాలామంది సీరియల్ పేజీలు వారంవారం చింపి దాచి, అన్నీ అయ్యాక రెజిమెంటల్ బజార్‌లో బైండు చేయించుకునేవారు. ఆ బైండ్లు ఎవరిళ్లలో ఉన్నాయో కనుక్కుని, మైదా జిగురు డబ్బాతో, నన్ను వెంటబెట్టుకుని చిన్నమ్మ బయల్దేరేది. అచ్చయిన చివరి భాగం కత్తిరించి, తాను చేత్తో రాసింది అంటించేది. ఒకావిడ మాత్రం బైండు ఇవ్వలేదు.

"ఉండనియ్ అక్కా. మా ఆయన సుత గట్లనే మారుతడని ఆశ."

చిన్నమ్మ దాన్ని ముట్టుకోలేదు. వీధిలోకి వచ్చాక నాతో అంది: "ఆమె మీద కోపం లేదురా. గీ ఆశను అచ్చేసి అమ్మినోన్ని మాత్రం ఇడువ."

దుర్మార్గుడు ఎన్నటికీ మారడని ఆమె అనలేదు. మారాడో లేదో దెబ్బలు తిన్న మనిషి చెప్పాలనేది. నేను ముప్పై ఏళ్లు కోర్టు వార్తలు రాశాను. వరండాల్లో ఏడ్చిన భర్తల గురించి రాశాను, వాళ్లలో కొందరు మళ్లీ కొట్టిన కేసులూ రాశాను.

సంపాదకుడికి ఒకే షరతు పెట్టాను. ఆమె రాసిన ముగింపే వేయాలి, పాతది తానే రాయించానని ముందుమాటలో ఒప్పుకోవాలి.

"మనిషే పోయాక పాత గొడవలెందుకండీ?"

"పోయింది ఆమె. మీరున్నారు గదా, చెప్పండి."

ఫోన్ పెట్టేశాడు. ఆ దొంగ ముగింపుతో పుస్తకం రానివ్వను.

చిన్నమ్మ ముగింపు నాలుగు పేజీలు. కాలు విరిగిన భర్త చేతికర్ర ఊతంతో ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి మారిపోయానంటాడు. భార్య పొయ్యి దగ్గర ఉంటుంది. పాలు పొంగకముందే దించి, మూత పెట్టి, రెండో గిన్నె ఎక్కిస్తుంది. అతను ఇంకా గుమ్మంలోనే ఉంటాడు.