ఆదివారం వాతలు

మీ కళ్ల ముందు ఒక పిల్ల ఫిట్స్‌తో పడి కొట్టుకుంటున్నప్పుడు దాని చేతిలో మీరేం పెట్టారు? తాళాలా, కొడవలా? పెట్టేసి, పుణ్యం చేశామనుకుని ఇంటికి పోయి అన్నం తిన్నారు కదూ?

మా అమ్మాయి బళ్లో ప్రార్థన జరుగుతుండగా పడిపోయింది. అప్పుడు మూడో తరగతి. నేను అదే చీపురుపల్లిలో మరో బడిలో లెక్కల మాస్టర్ని. కబురందుకుని పరుగెత్తేసరికి పిల్ల పిడికిట్లో బీరువా తాళాలు గుచ్చుకుని ఉన్నాయి. చుట్టూ నిలబడ్డవాళ్లలో అందరూ చదువుకున్నవాళ్లే.

విశాఖపట్నంలో నరాల డాక్టరు దాని తలకి తీగలు అతికించి పరీక్ష చేసి, ఎపిలెప్సీ అన్నాడు. మా రెండువైపులా ఎవరికీ లేదే అన్నాను. ఎవరికీ లేకపోయినా రావచ్చన్నాడు. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదని, తను చెప్పకుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పాడు. మూఢనమ్మకాల మీద ఏళ్ల తరబడి వేదికలెక్కి వాదించినవాణ్ణి, ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ‘మా పిల్లకే ఎందుకు’ అనుకున్నాను. జవాబు లేదని తెలిసే అనుకున్నాను. కోపం తీర్చుకుందామంటే ఎదురుగా మనిషి లేడు.

తర్వాత దొరికాడు.

ఇంటికొచ్చిన వారానికి మా అమ్మాయి అడిగింది. “నాన్నా, నాకు దెయ్యం పట్టీసిందని బళ్లో అంటన్నారు. నిజిమేనా?”

“నీకేటనిపిస్తంది?”

“ఉంటే బాగున్ను. ఎక్కాలు దానిసేత సెప్పించీద్దును.”

నా భార్యతో సహా ముగ్గురం నవ్వాం. అది మాత్రలు వేసుకుంది. నెలలు గడిచాయి, మళ్లీ ఫిట్స్ రాలేదు.

వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్తానంది. బస్సులో అరగంట దూరం. మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మా అత్తగారికి రెండుసార్లు చెప్పి వచ్చాను. ఆ ఊళ్లో వాతలు పెట్టేవాడొకడున్నాడు. గురువుగారంటారు. ప్రతి ఆదివారం పొద్దున్నే అతని అరుగు ముందు జనం. కామెర్లకీ, కడుపునొప్పికీ, ఫిట్స్‌కీ ఒకటే వైద్యం. పసుపుకొమ్ము నిప్పుల మీద కాల్చి ఒంటికి ఆనిస్తాడు. దానికొక నియమం కూడా ఉంది. వాత పడ్డాక మండలం రోజులు ఇంగ్లీషు మందు ముట్టకూడదు. ముడితే వాత వికటిస్తుందట!

మా అత్తగారు మనవరాలి కోసం ప్రాణం పెట్టే మనిషి. అందుకే వాత పెట్టించి, ఆ నియమం తు.చ. తప్పకుండా పాటించింది.

ఆ వారం తిరక్కుండానే ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి, తెరిపి లేకుండా వచ్చాయి. ఆటోలో సర్కారు ఆసుపత్రికి, అక్కణ్ణించి అంబులెన్సులో విశాఖకి. పిల్ల కళ్లు తెరిచాక కూడా కొన్నాళ్లు మాటల కోసం వెతుక్కునేది. నీళ్లు కావాలంటే గ్లాసు చూపించేది. దాని రెండు పాదాల మీదా రూపాయి బిళ్లంత నల్లటి మచ్చలు.

ఆసుపత్రి వరండాలో మా అత్తగారు తల గోడకి ఆనించుకుని చెప్పింది. “కాళ్లు నానే అట్టుకున్నాను బాబూ. ‘అమ్మమ్మా, వద్దే’ అని అరిసింది. దాని మంచికే కదా అని ఒగ్గలేదు.”

“అమ్మనేటీ అనకండి,” అంది నా భార్య.

నా పగ ఆమె మీద కాదు.

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాను. వెంటనే ఆ ఊరి పెద్దలు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. “ఆయన సేతి వాత పడని ఒళ్లు మా ఊళ్లో నేదు మాస్టారూ. పిల్లకి కొత్త బట్టలు పెట్టి తప్పైపోనాదంటాడు. ఒగ్గీండి.” ఒగ్గను అన్నాను. వాత పెట్టిన రోజు అరుగు నిండా జనం ఉన్నారు. స్టేషన్లో అడిగితే ఒక్కరూ చూడలేదు. మా అత్తగారొక్కతే ఎస్సై ముందు నిలబడి, “రాయండి బాబూ. అట్టుకున్నది నాను, కాల్సింది ఆడు,” అంది. ఒక్క సాక్ష్యంతో ఆ కేసు ఇంకా ఈడ్చుకుంటూ పోతోంది. అతను ఇంకా కాలుస్తున్నాడు.

పెద్ద మనసు చేసుకోమని నాకు చెప్పేవాళ్లకి లోటు లేదు. నా మనసు చిన్నదే. అందులో ఒక్క కోరికే పడుతుంది. అతని అరుగు మీద గడ్డి మొలవాలి. అతన్ని కొట్టాలనీ అనిపించింది. కొడితే మర్నాడే అతన్ని దేవుణ్ణి చేస్తారు. అందుకని ప్రతి ఆదివారం వెళ్లి, ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుంటున్నాను. పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్లని ఆపి, మా అమ్మాయికి జరిగింది చెప్పి, ఆటో ఎక్కించి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. “మీరొచ్చినకాడినుంచి ఆయనకి బేరం తగ్గింది, నాకు పెరిగింది మాస్టారూ,” అంటాడు టీ బడ్డీ ఆయన.

ఒకనాడు గురువుగారే రోడ్డు దాటి వచ్చాడు.

“ఏటి మాస్టారూ, నా పొట్ట కొడతన్నారు?”

“కొడతన్నాను. ఇంకా గట్టిగా కొడతాను.”

“మీ పిల్ల బతికే ఉన్నాది కదేటి?”

“బతికింది. నీ అరుగు బతకదు.”

ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ తృప్తిగానే ఉంది.

కానీ మొన్న ఆదివారం ఓడిపోయాను. ఒక కుటుంబాన్ని ఆటో ఎక్కిస్తుండగా, నా వెనకనుంచి చంటిబిడ్డతో ఒక తల్లి లోపలికి వెళ్లిపోయింది. నన్ను చూసి జాగ్రత్తపడ్డాడేమో, ఈమధ్య లోపలే కాలుస్తున్నాడు. బిడ్డ కేక వినిపించింది. పరుగెత్తాను. తలుపు గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదాను. వీధిలోకి అందరూ వచ్చారు. నా ఉపన్యాసాలకి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే పెద్దమనిషి కూడా ఉన్నాడు. అతను ఫోన్లోకి చూసుకుంటున్నాడు. తలుపు తెరుచుకునేసరికి బిడ్డ పాదం కాలిపోయింది. “మీరందరూ విన్నారు. స్టేషన్‌కి రండి,” అన్నాను. “మనకెందుకండీ,” అన్నాడా చప్పట్ల మనిషి.

ఇది చదివి అయ్యో అనే మీకూ చెబుతున్నాను. మీ అయ్యో నాకు అక్కర్లేదు. మీ ఊళ్లోనూ ఇలాంటి ఇల్లొకటి ఉంది, ఎక్కడుందో మీకు తెలుసు. వచ్చే ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్లండి. వాతకి తెచ్చిన పిల్లని ఆసుపత్రికి చేర్చండి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు పోలీసులకి చెప్పి, మీ పేరుతో కింద సంతకం పెట్టండి. కోర్టు పిలిచిన రోజున వెళ్లి బోనెక్కండి.