ఆదివారం సాయంత్రం సినిమా కథ

మొన్న అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, పక్కసీటు పిల్ల ఫోన్లో సినిమా చూస్తోంది. చూడటమంటే చూడటం కాదు, వేలితో ముందుకు తోసుకుంటూ పోతోంది. పంజాగుట్ట వచ్చేసరికి హీరోకి పెళ్ళి కూడా అయిపోయింది. నాకు మా లేడీస్ హాస్టల్ గుర్తొచ్చింది.

అమీర్‌పేటలోనే, మైత్రీవనం వెనక సందులో ఉండేది. వారమంతా జావా కోచింగుల చుట్టూ తిరిగేవాళ్ళం. ఇంటి నుంచి వచ్చే డబ్బు ఫీజుకీ మెస్సుకీ సరి. అందుకే మాలో ఎవరు కొత్త సినిమా చూసొచ్చినా, ఆదివారం సాయంత్రం అందరికీ కథ చెప్పి తీరాలి. ఆ ఎవరో ఎప్పుడూ నేనే. పంజాగుట్ట బాబాయి నన్ను మ్యాటినీకి తీసుకెళ్ళేవాడు మరి. ఇంటర్వెల్లో తిన్న సమోసాతో సహా చెప్పేదాన్ని. టీ గ్లాసులు పట్టుకుని పదిహేనుమంది నా మంచం చుట్టూ చేరేవారు. గుంటూరులో మా ఇంట్లో నా మాట వినే నాథుడే లేడు, ఇక్కడ నేను దగ్గినా వినేవారు.

అప్పుడు నల్గొండ నుంచి ఒక పిల్ల దిగింది. రెండు వారాలకే జనమంతా దాని మంచం దగ్గరికి మారిపోయారు. హీరో ఏడిస్తే అది ఏడ్చేది, విలన్ వస్తే కిటికీ రెక్క దబాలున కొట్టేది. నాకు కడుపు మండిపోయింది. ఒక ఆదివారం ఉండబట్టలేక, కథ మధ్యలో నిలదీశాను. "అదేంటి, చెల్లెలు చచ్చిపోదుగా! ఇందాకే చూసొచ్చాను."

అది నవ్వింది. "నేనేడ చూసిన అక్కా? పైసలేడియి? దారెంట పోస్టర్లు చూసి అల్లుతున్న, గంతే."

దొంగ దొరికిందని గదంతా కలియజూశాను. "నువ్వు కాస్త ఆగక్కా. చెల్లెలు చచ్చిపోయాక ఏమైందే?" అంది మా గుంటూరు పిల్లే.

ఆర్నెల్లకి వార్డెన్ ఆంటీ సీడీ ప్లేయర్ కొంది. ఇక దాని ఆట కట్టు అని సంబరపడ్డాను. నా ఆట కూడా కట్టేనని తోచలేదు, ఈర్ష్యకి బుర్ర ఉండదు. మొదటి సీడీ నేనే ఏరి తెచ్చాను, ఆ చెల్లెలి సినిమాయే. అరగంటకి ఎవరో లేచి సౌండ్ తీసేశారు. "బొమ్మ ఆడనీ, నువ్వు చెప్పవే" అన్నారు నల్గొండ పిల్లతో. నేను విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఆ సినిమా అప్పటికి రెండుసార్లు చూశాను. అయినా ఈసారి ఇది చెల్లెల్ని ఏం చేస్తుందోనని అక్కడే నిలబడిపోయాను.

తర్వాత అందరికీ ఉద్యోగాలొచ్చాయి. చాలామందికి నాకంటే పెద్ద జీతాలు, పెద్ద ఇళ్ళు. వాళ్ళమీద నాకేమీ లేదు. ఉన్నదంతా ఆ నల్గొండ పిల్లమీదే. నాకు యాభై దగ్గరపడ్డాయి, ఆ అసూయకు మాత్రం ఇంకా ఇరవై మూడే.