పేగులు లెక్కపెట్టే డాక్టరమ్మ

డాక్టరమ్మ డాక్టరు కాదు. వాషింగ్ మిషన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే సర్వీసు సెంటర్లో పదకొండేళ్ళుగా కౌంటరు వెనక నిలబడుతున్న మనిషి. ఆ పేరు పెట్టింది వెనక షెడ్డులో పనిచేసే మెకానిక్కులు. ఎందుకు పెట్టారో తెలియాలంటే కౌంటరు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు.

ఒకాయన వచ్చి, "మేడమ్, మా ఫ్రిజ్..." అంటాడు.

"పైన మంచు గడ్డకట్టింది, కింద చల్లదనం లేదు. అంతేగా?"

ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంటుంది. "మీకెలా తెలుసు?"

"వేలికి కట్టు ఉంది కదండీ. కత్తితో మంచు గీకారు. గీకొద్దని పుస్తకంలో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. రేపు పదింటికి మనిషి వస్తాడు. తర్వాతెవరు?"

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టడమంటే ఇదే. పదిమందిలో తొమ్మిదిమంది దగ్గర ఆ లెక్క తప్పదు. పదోమనిషి సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఈ విద్య ఇంటిదాకా వచ్చింది. ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. పగలంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు, క్లచ్చు, అద్దం చూడండి అని అరిచి వచ్చే ఆ మనిషి, పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇంట్లో ఒక్క వాక్యం చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు.

"ఇవాళ ఒకావిడ రివర్సు తీస్తూ..."

"గోడకు కొట్టింది. చొక్కా వీపున సున్నం ఉంది మీకు, దిగి చూసుంటారు."

ఆయన తలూపి పళ్ళెం దగ్గరకు లాక్కుంటాడు. మొదట్లో చిరాకు పడేవాడు. తర్వాత సుఖం తెలిసింది, సగం మాటతో సరిపోతుంటే మిగతా సగానికి శ్రమెందుకు? అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, "మావాడు చిన్నప్పుడు బాగానే మాట్లాడేవాడు" అని.

సంసారం ఇలా సాఫీగా సాగుతుండగా యజమాని రెండో బ్రాంచి పెడుతున్నానన్నాడు. డాక్టరమ్మను గాజు గదిలోకి పిలిచాడు. "ఆ బ్రాంచి నీకే ఇవ్వాలని ఉందమ్మా. కానీ మిషన్లు సప్లయి చేసే కంపెనీ వాళ్ళు మేనేజరుకి ఎంబీయే ఉండాలంటున్నారు, కనీసం చదువుతూ అయినా ఉండాలట. సాయంత్రం కాలేజీలో సీటు తెచ్చుకో. మూడు నెలలు ఆగుతాను. ఆపైన బయటి నుంచి ఎవరినో తెచ్చుకోక తప్పదు."

బయటి మనిషంటే, ఆవిడ పదకొండేళ్ళు నిలబడి నేర్చుకున్న పని మీద కూర్చుని పెత్తనం చేసే మనిషి. ఆ ఊహకే ఆవిడకు కాళ్ళు లాగాయి.

సీటుకి ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో రెండు భాగాలు. మొదటిసారి రాసినప్పుడు లెక్కల్లో ఆవిడకు అరవైకి యాభై రెండు వచ్చాయి, చెమట కూడా పట్టలేదు. వెర్బల్లో, అంటే ఇంగ్లీషులో పేరా ఇచ్చి కింద ప్రశ్నలడిగే భాగంలో, ముప్పై రావాలి. ఇరవై నాలుగు వచ్చాయి.

సరే, ఇంగ్లీషు పాతబడిందనుకుంది. కోచింగ్‌లో చేరింది. కోచింగ్ సారు మాటలు బట్టీ పట్టమన్నాడు. పన్నెండు వందల మాటలు చీటీల మీద రాసి ఇల్లంతా అతికించింది. ఫ్రిజ్ తలుపు కనబడకుండా పోయింది. భర్త గడ్డం గీసుకుంటూ 'మొండితనం'కి ఐదు రకాల ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాడు, ఏ ఒక్కటీ వాడే ధైర్యం లేకపోయినా. మాక్ టెస్ట్, అంటే నమూనా పరీక్ష, రాసింది. ఇరవై నాలుగు.

వేగం పెంచమన్నాడు సారు. గడియారం పెట్టుకుని చదివింది. ఇరవై నాలుగు. రోజూ పేపరు చదవమన్నాడు. చదివింది, ప్రపంచం ఎంత అధ్వాన్నంగా ఉందో తెలిసింది, మార్కులు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"ఆ ఇరవై నాలుగుని నీ పేర రిజిస్టరు చేయించేసుకో అమ్మాయ్, ఇంకెవరికీ ఇవ్వరు" అంది అత్తగారు.

చివరికి సారు కూడా చేతులెత్తేశాడు. "మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు మేడమ్."

తక్కువ ఆలోచించడం ఎలాగో ఆయన దగ్గర పుస్తకం లేదు. మూడు నెలల్లో ఆరు వారాలు అయిపోయాయి. గడువులోపు రాయడానికి ఇంక ఒక్క అవకాశమే మిగిలింది.

అప్పుడొచ్చాడు పదోమనిషి.

ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. ఏ సంగతైనా మొదటి నుంచి చెప్పాలనుకునే రకం. "అమ్మా, సంగతేమిటంటే, పొద్దున్న లేచి చూసేసరికి వాషింగ్ మిషన్ కింద నీళ్ళు..."

"తలుపు రబ్బరు పోయింది మాస్టారూ. రేపు మార్చేస్తారు."

"కాదమ్మా, ఇంకొకటి..."

"రేపు పదకొండింటికి. తర్వాతెవరు?"

ఇక్కడ జాబు కార్డు గురించి చెప్పాలి. కౌంటరు మీద తెల్ల కార్డుల కట్ట ఉంటుంది. ప్రతి కార్డులో రెండు గడులు. ఎడమ గడి పైన 'కస్టమరు చెప్పినది' అని అచ్చు వేసి ఉంటుంది. కుడి గడి పైన 'మేము చూసినది' అని. ఎడమది కౌంటరు నింపాలి, కుడిది మెకానిక్ నింపాలి. డాక్టరమ్మ ఎడమ గడిలో ఏనాడూ కస్టమరు చెప్పింది రాయలేదు. తన నిర్ణయం రాసేది. తొమ్మిదిసార్లు అదే నిజం కాబట్టి మెకానిక్కులు ఆ కార్డు చూసి సామాను సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మాస్టారి కార్డులోనూ 'తలుపు రబ్బరు' అని రాసింది. రబ్బరు మార్చారు.

నాలుగో రోజు మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట కింది వాటా ఆయన కూడా వచ్చాడు, తన పడకగది సీలింగు ఫొటోతో. ఫొటోలో దేశపటం అంత చెమ్మ మరక ఉంది.

షెడ్డు పెద్ద మేస్త్రి స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు. ఆయనకు అరవై దాటాయి. మాట్లాడేది తక్కువ, మాట్లాడితే స్క్రూడ్రైవర్ తిప్పినట్టే ఉంటుంది. మాస్టారి కార్డు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"గోడలో కుళాయి దగ్గర కారుతోంది. మిషన్‌కి ఏ రోగమూ లేదు. మిషన్ వెయ్యని రోజు కూడా నీళ్ళుంటున్నాయట. మాస్టారు ఆ రోజు నీకు చెప్పలేదా?"

"చెప్పబోయారు బాబాయ్."

"బోయారు?"

మేస్త్రి గ్రీజు వేలు ఎడమ గడి మీద పెట్టాడు.

"ఇది కస్టమరు నోరు. ఇది నా చెయ్యి. నీ బుర్రకి ఈ కార్డులో గడి లేదమ్మా."

"పదకొండేళ్ళుగా నా బుర్ర మీదేగా బాబాయ్ మీ షెడ్డంతా నడిచింది?"

"నడిచింది. కాదన్నానా? నీ బుర్ర వజ్రం. కానీ దాన్ని వాళ్ళ నోట్లో పెట్టకు. రేపట్నుంచి వాళ్ళన్నది అన్నట్టు రాయి. లేదంటే కార్డు వెనక్కి పంపిస్తా."

యజమాని తిట్టలేదు. బయటి నుంచి ఒకతను ఇంటర్వ్యూకి వస్తున్నాడని మాత్రం అన్నాడు. తిడితేనే నయమనిపించింది.

ఆ వారం డాక్టరమ్మకు నోరు కట్టేసినట్టయింది. 'ఫ్రిజ్ రాత్రుళ్ళు మూలుగుతోంది' అన్నారు, అలాగే రాసింది. 'మిషన్ నా చీరలంటే పగబట్టింది' అని ఒకావిడ అంది, అదీ రాసింది. మెకానిక్కులు కార్డులు పైకి చదువుకుని పడీపడీ నవ్వారు. మేస్త్రి ఒక్క కార్డూ వెనక్కి పంపలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పాత మాక్ పేపరు ముందేసుకుని కూర్చుంది. ఒక పేరా ఆవిడకు ఎప్పటినుంచో కంట్లో నలుసు. ఏదో ఊళ్ళో గ్రంథాలయాన్ని రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచడం మొదలుపెట్టారు, సభ్యులు పెరిగారు, కొత్తవాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులు. ఈ పేరాను బట్టి కింది వాటిలో ఏది నిజమని ప్రశ్న. ఉద్యోగాలు చేసేవాళ్ళకు వీలు కుదిరింది కాబట్టే సభ్యులు పెరిగారు అన్నదాన్ని టిక్కు పెట్టింది ఆవిడ. తప్పన్నారు. కొత్త సభ్యుల్లో సగానికి పైగా చదువుకునేవాళ్ళే అన్నది సరైన జవాబట. ఇంత చప్పటి జవాబు ఎవరైనా పెడతారా? సారుతో దీని గురించి పోట్లాడింది కూడా.

ఇప్పుడు పెన్సిలు పట్టుకున్న చెయ్యి, వారం రోజుల అలవాటు కొద్దీ, పేరా పక్కన నిలువు గీత గీసింది. ఎడమ వైపు 'చెప్పినది' అని రాసింది. గ్రంథాలయం. తొమ్మిదిదాకా. సభ్యులు పెరిగారు. విద్యార్థులు ఎక్కువ. అంతే, పేరా అయిపోయింది.

మరి ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు?

ఎక్కడి నుంచో కాదు, తన బుర్రలోంచే. ఆ పేరా పాపం మాస్టారిలాగే 'కాదమ్మా, ఇంకొకటి' అంటూనే ఉంది, తను 'తర్వాతెవరు' అనేసింది.

పాత పేపర్లన్నీ తిరగేసింది. తప్పు పోయిన ప్రశ్నలు పద్నాలుగు తీసి చూస్తే పదకొండింటిలో ఇదే రోగం. లోకంలో నిజమైనదానికి టిక్కు పెట్టింది, పేరాలో ఉన్నదానికి కాదు. మాటలు రాక కాదు, వేగం చాలక కాదు. పన్నెండు వందల చీటీలూ తలుపు రబ్బర్లే. లేచి ఫ్రిజ్ మీద చీటీలు పీకేసింది.

"అమ్మయ్య, ఫ్రిజ్ తెల్లరంగుదా?" అంది అత్తగారు.

"అత్తయ్యా, మొన్న ఆస్పత్రికి వెళ్ళారే, ఏం జరిగిందో చెప్పండి. మొత్తం."

అత్తగారు అనుమానంగా చూసింది. "నీకు తెలుసుగా. నువ్వే చెప్పేశావు నాకు."

"నాకు తెలీదు. చెప్పండి."

అత్తగారు నలభై నిమిషాలు చెప్పింది. మధ్యలో మూడుసార్లు డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. చివర్లో అత్తగారు అన్నవి మాత్రమే, కలపకుండా, తిరిగి అప్పజెప్పింది. వైద్యుడు ఉప్పు తగ్గించమన్న మాట అందులోనే మొదటిసారి బయటపడింది. అది అంతదాకా ఎవరూ అడగలేదు, అత్తగారు చెప్పలేదు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇదే సాధన. కోచింగ్ ఫీజు లేదు, పైగా అత్తగారు మహా సంతోషంగా ఉంది.

మాక్ టెస్టుల్లో ఇరవై ఏడు వచ్చింది. మళ్ళీ ఇరవై ఏడు. తర్వాత ఇరవై తొమ్మిది. పరీక్షకు ముందు వారం, మళ్ళీ తెలివి ఎక్కువై, ఇరవై ఐదు. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆవిడ జోలికి పోలేదు.

పరీక్ష హాల్లో ఏసీ మరీ చల్లగా ఉంది. సెన్సరు పోయిందనుకుంది, వెంటనే ఆ ఆలోచనను నోరు మూసుకోమంది. పేరాలు ఒక్కొక్కటే దాటాయి. చివరి పేరా తెరమీదికి రాగానే ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది ఫ్రిజ్‌ల గురించి.

రాసినవాడెవడో, ఫ్రిజ్‌ని ఎంత కూరితే అంత మంచిదంటాడు. సందు లేకుండా నింపితే చల్లదనం నిలుస్తుందట. డాక్టరమ్మకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. అలా కూరిన ఫ్రిజ్‌లు, గాలి ఆడక గుక్కపట్టినవి, ఆవిడ చేతి మీదుగా షెడ్డుకి ఎన్ని పోలేదు? 'రచయిత ప్రకారం చల్లదనం నిలవాలంటే ఏం చేయాలి?' అని ప్రశ్న. మూడో జవాబు: వస్తువుల మధ్య గాలి ఆడే సందు వదలాలి. అది నిజం, పదకొండేళ్ళ నిజం. మౌసు దానిమీదికి వెళ్ళి నిలబడింది.

గడియారంలో నిమిషమున్నర ఉంది.

ఎడమ గడిలో ఏముంది?

కస్టమరు ఏమన్నాడు? కూరమన్నాడు. తప్పే అన్నాడు, కానీ అన్నాడు. కుడి గడి ఈ పరీక్షలో లేదు. పళ్ళు నూరుకుంటూ మొదటి జవాబు నొక్కింది: పూర్తిగా నింపాలి.

రెండు నిమిషాల తర్వాత తెరమీద అంకెలు వచ్చాయి. లెక్కలు యాభై మూడు. వెర్బల్ ముప్పై ఒకటి.

ప్రింటు కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. రేపు పొద్దున్న గాజు గదిలో యజమాని ముందు అది విప్పి పెట్టాలి. ఆ ఇంటర్వ్యూ అతను ఇక తన దారి తను చూసుకోవచ్చు.

బయట భర్త డ్రైవింగ్ స్కూలు కారులో కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఎక్కగానే, "ఎంత..." అని ఆగి, మిగతాది ఆవిడ పూర్తి చేస్తుందని అలవాటుగా చూశాడు.

ఆవిడ చెయ్యలేదు. "ఎంత, ఏమిటి? పూర్తిగా అడగండి."

"ఎంత... వచ్చింది?"

"ముప్పై ఒకటి."

ఆయన స్టీరింగు మీద రెండు చేతులతో దరువు వేశాడు. కారు తీశాడు. మలుపు దగ్గర ఎర్ర లైటు పడితే ఆపాడు. "అయితే ఈ సాయంత్రం మనిద్దరం..." అని మళ్ళీ ఆగాడు.

ఆయన ఏం అనబోతున్నాడో ఆవిడకు తెలుసు. నాలుక చివరే ఉంది. కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

ఆకుపచ్చ లైటు పడింది. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి.

"మనిద్దరం?" అంది.

"ఉండవోయ్," అన్నాడాయన, గేరు వెయ్యడం కూడా మరిచి. "ఈ వాక్యంలో ఇంతదూరం నేనెప్పుడూ రాలేదు."